తడి నేల మీద ఆరిన అడుగులు

ఉదయం ఆరింటికి మిల్లు తలుపు తీయగానే ఆమె మొదట నేల వంక చూసేది. సున్నపురాతి దుమ్ము రాత్రికి రాత్రి దిగి, పలుచని తెల్లని పొరగా పరచుకుని ఉండేది. దాని మీద భర్త అడుగులు ఉండేవి. ఎడమ పాదం కాస్త బయటకు తిరిగిన ఆ జాడలు క్రషర్ దగ్గర మొదలై, జల్లెడ చుట్టూ ఒకసారి తిరిగి, పొడి కుప్ప దగ్గర ఆగేవి. ఆయన పోయి మూడేళ్లయింది. జల్లెడ మేస్త్రి ఆ అడుగులను తప్పించి ఊడుస్తూ, "పోయినా తీరిక లేదమ్మా అయ్యగారికి" అని రోజూ అనే మాటే అనేవాడు. ఆమె నవ్వేది కాదు, కసురుకునేదీ కాదు.

పులుపెక్కిన పొలాల్లో మట్టి పులుపు విరిచే ఆ సున్నపురాతి పొడి, విత్తడానికి నెల ముందే పడాలి. తొలకరి పడితే లారీలు బురదలో దిగబడతాయి, పొడి గడ్డకడుతుంది. ఏడాది మొత్తానికి మిల్లుకు ఆరు వారాలే బతుకు. ఈసారి అందులో నాలుగు వారాలు పొడి అమ్మడానికి అనుమతి కాగితం కోసం ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరగడంలోనే పోయాయి. మొదట నమూనా సంచి మీద సీలు సరిగా పడలేదన్నారు. తర్వాత ఫారం మారిందన్నారు. మూడోసారి నమూనాను పన్నెండు రోజులు కిటికీ పక్కన ఉంచి, తేమ ఎక్కువైందని తిప్పి పంపారు. ఆరిన పొడే ఇచ్చామనీ, తడిపింది మీ కిటికీయేననీ ఆమె చెబితే, గుమస్తా తలెత్తకుండా, "ఫారంలో కిటికీకి కాలమ్ లేదండీ" అన్నాడు.

చివరికి తనిఖీ అధికారి స్వయంగా వస్తానని కబురు పంపాడు. నేల మీద దుమ్ము కనిపించకూడదు. నమూనా తన ఎదుటే కుప్పలోంచి తీయాలి. ఈసారి తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే. అప్పటిదాకా మిల్లు నిలవదని, అమ్మేయక తప్పదని ఆమెకూ తెలుసు, మేస్త్రికీ తెలుసు.

ముందురోజు సాయంత్రం మేస్త్రి నీళ్ల గొట్టం తెచ్చి, కుళాయి తిప్పకుండా నిలబడ్డాడు.

"కడుగు మేస్త్రీ."

"నా వల్ల కాదమ్మా. ఆయన దగ్గర పని నేర్చుకున్న చెయ్యి ఇది."

మూడేళ్లుగా కడగనివ్వని నేలను ఆమే కడిగింది. క్రషర్ దగ్గర మొదలుపెట్టి, ఒక్క అడుగూ వదలకుండా కడిగింది. తెల్లని నీళ్లు కాలువలోకి పోతుంటే మాత్రం అటు చూడలేదు.

కడగడం ముగిసిందో లేదో, గోరుచుట్టు మీద రోకలిపోటులా, పది రోజులు ముందే వాన అందుకుంది. గాలికి పైకప్పు రేకొకటి లేచిపోయి, కుప్ప మీద నీళ్లు ధారగా పడ్డాయి. పరదా చాలలేదు, బకెట్లూ చాలలేదు.

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు," అన్నాడు మేస్త్రి తల తుడుచుకుంటూ. "మన విషయంలో ఇద్దరూ ఒక్కటయ్యారమ్మా."

మర్నాడు తలుపు తీసేసరికి నేల ఇంకా తడిగానే ఉంది. ఆ తడి మీద అడుగులున్నాయి. ఆయన పాదం మోపిన చోటల్లా నేల ఆరి, తెల్లబడింది. ఈసారి అవి జల్లెడ వైపు పోలేదు. తిన్నగా కుప్ప దగ్గరికి వెళ్లి, దాని చుట్టూ ఎన్నిసార్లు తిరిగాయో, అక్కడ మూరెడు వెడల్పున నేలంతా ఎండిపోయింది. ఆమె మోచేతి దాకా పొడిలోకి చెయ్యి దూర్చింది. వేళ్ల సందుల్లోంచి అది జలజలా రాలింది.

అధికారి పదింటికి వచ్చాడు. దుమ్ము లేదని రాసుకుని, ఆరిన అడుగులను తొక్కకుండా పక్కనుంచి నడిచి, కుప్పలో మూడు చోట్ల నమూనా తీశాడు. వెంట తెచ్చిన మీటరుతో అక్కడే చూస్తే, తేమ హద్దులో సగం కూడా లేదు.

"నిన్నటి వానకు మా ఫైళ్లే తడిశాయి," అంటూ సంతకం చేసి, నేల వంక చూపించాడు. "మీవారా?"

ఆమె తలూపింది. అతను ఫారం ఒకసారి తిరగేసి, దానికీ కాలమ్ లేకపోవడంతో మూసేశాడు.

మధ్యాహ్నానికి తొలి లారీ నిండి కదిలింది. ఎత్తేటప్పుడు రాలిన పొడి మీద కొత్త అడుగులు కుప్ప దగ్గర బయలుదేరి, గుమ్మం దాటి, లారీ నిలిచిన చోటుదాకా వెళ్లాయి. తిరిగి వచ్చిన జాడ లేదు.

మరునాటి ఉదయం దుమ్ము ఎక్కడా చెదరకుండా సమంగా పరచుకుని ఉంది. మేస్త్రి చీపురు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఊడ్చు మేస్త్రీ," అంది ఆమె.

అతను ఊడ్చాడు. క్రషర్ నుంచి జల్లెడ చుట్టూ తిరిగి కుప్పదాకా, ఎప్పటిలాగే, అడుగులుండే చోటు తప్పించి.