పద్నాలుగేళ్ల జలుబు

మా చర్చిలో నాకు పద్నాలుగేళ్లుగా జలుబు. ఆడవాళ్ల ప్రార్థన కూటంలో ఎవరి బాధ వాళ్లు లేచి చెప్పుకుంటే మిగతావాళ్లు ప్రార్థన చేస్తారు. మా అమ్మ కాంతం ప్రతి వారం లేచి, "మా మెర్సీకి జలుబమ్మా, ప్రార్థన సెయ్యండి" అనేది. నాకున్నది ఉబ్బసం. మామిడి పూత మొదలైతే చాలు, గుండెల్లో పిల్లికూతలు మొదలవుతాయి. ఆ మాట బయటికి పొక్కితే సంబంధాలు రావని అమ్మ భయం. అందుకే నేను నోటితో పీల్చే మందు డబ్బీ, నా పఫ్, ఆవిడ బైబిల్ జిప్పు సంచిలో ఉండేది. అవసరమైనప్పుడు పెరట్లో దడి వెనక్కి వెళ్లి పీల్చుకోవాలి. పాపం దేవుడు, లేని జలుబును తగ్గించలేక ఎంత అవస్థ పడ్డాడో.

తిత్లీ తుఫాను వెళ్లిన ఏడాది నేను ఫారెస్టు బీట్ ఆఫీసరు రాత పరీక్ష పాసయ్యాను. ఇక మిగిలింది నడక పరీక్ష. ఆడవాళ్లు పదహారు కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలి. నాకు ఇరవై తొమ్మిది నిండాయి. మళ్లీ నోటిఫికేషన్ పడేసరికి వయసు దాటిపోతుంది. మొదటిసారి నడిచి చూసుకుంటే నాలుగు గంటల ఇరవై నిమిషాలు పట్టింది, అందులో సగం సేపు రోడ్డు పక్కన కూర్చుని రొప్పడమే.

రాజాంలో డాక్టరు నన్ను గట్టిగానే చీవాట్లు పెట్టాడు. కూతలొచ్చినప్పుడే కాదు, రోజూ రెండు పూటలా పీల్చే మందు వేరే ఉందన్నాడు. నీలం రంగు పఫ్ నడకకు పావుగంట ముందు పీల్చమన్నాడు. దారిలో ఊపిరి బిగిస్తే మాత్రం మొండికేసి నడవకూడదు, ఆగి మళ్లీ పీల్చి, తగ్గాకే కదలాలి. మొండితనం నాకు తెలిసిన ఒకే ఒక విద్య కాబట్టి, ఆగడం నేర్చుకోవడానికి రెండు నెలలు పట్టింది.

రోజూ తెల్లవారుజామున చీపురుపల్లి రోడ్డు మీద ముక్కుకు తడి చున్నీ కట్టుకుని నడిచేదాన్ని. పొద్దెక్కితే ఆ రోడ్డు పక్క మడి రైతు జగ్గమ్మతో గొడవ. కళ్లం చేసుకునే జాగా లేక, మా వైపు రైతులు కోసిన ఉలవ మొక్కల్ని తారురోడ్డు మీదే పరుస్తారు. బస్సులూ లారీలూ తొక్కితే గింజలు రాలతాయి. చేటలతో తూర్పారబట్టేటప్పుడు ఆ పొట్టు గాలిలో లేస్తే నా పని అయిపోయినట్టే. ఒకరోజు ఉండబట్టలేక, కాస్త పక్కకు పరుచుకోకూడదా అని జగ్గమ్మ మీద విరుచుకుపడ్డాను.

"ఏటమ్మా, రోడ్డు నీ ఒక్కదానికే ఏసినారేటి?" అంది.

బస్సులకు వేశారు, నీ ఉలవలకు కాదన్నాను. ఆవిడ చేట ఇంకా పైకెత్తింది.

పరీక్ష కూడా ఆ రోడ్డు మీదే పెట్టారు. రాజాంలో కాలేజీ గేటు నుంచి ఎనిమిది కిలోమీటర్లు వెళ్లి తిరిగి రావాలి. ఆ ఉదయం కూడా పాత అలవాటు పోనిచ్చుకోలేదు నేను. నలుగురి ముందు పఫ్ తీయడానికి సిగ్గుపడి కాలేజీ బాత్రూములో దూరాను. బయట ఎవరో తలుపు బాదుతుంటే కంగారులో మందు సగం గాలికే పోయింది. నా తెలివి తక్కువతనానికి నన్ను నేనే తిట్టుకుంటూ ఆరున్నరకు బయలుదేరాను.

వెళ్లేటప్పుడు మంచుకి ఉలవలు ఇంకా కుప్పలుగానే ఉన్నాయి. తిరుగు నడకలో అక్కడికి వచ్చేసరికి తొమ్మిదయింది, ఎండెక్కింది. రోడ్డంతా పరిచేశారు, జగ్గమ్మ చేటతో తూర్పారబడుతోంది. నా ఊపిరి బిగుసుకుంది, కూతలు నాకే వినబడుతున్నాయి. సరిగ్గా అక్కడే అమ్మ గ్లూకోజు నీళ్లతో నిలబడి ఉంది. పక్కన మా చర్చి రూబీగారు. వాళ్లబ్బాయి బెన్హర్‌కి నన్ను అడుగుతున్నారు.

చుట్టూ కోసేసిన మళ్లు, దాక్కోవడానికి ఒక చెట్టు కూడా లేదు. నడుం సంచిలోంచి పఫ్ తీశాను. అమ్మ నా దగ్గరికి వచ్చి చిన్నగా అంది, "ఇక్కడొద్దే. కాస్త ముందుకెల్లు."

"ముందుకెల్లనేకే ఆగినానమ్మా."

అమ్మ తల తిప్పేసుకుంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, కానీ రెండింటికీ ఊపిరి కావాలి. పఫ్ బాగా ఊపి, ఉన్న గాలంతా వదిలి, నెమ్మదిగా పీల్చి పది లెక్కపెట్టాను. ఒక నిమిషం ఆగి మళ్లీ పీల్చాను. రూబీగారు కళ్లప్పగించి చూస్తున్నారు. నన్ను దాటి నలుగురు వెళ్లిపోయారు. పదకొండు నిమిషాలు అలాగే నిలబడ్డాను, వాచీ చూసుకుంటూ. జీవితంలో నేను చేసిన కష్టమైన పని అదే.

కూతలు తగ్గాయి. చూస్తే జగ్గమ్మ చేట కిందికి దించేసి ఉంది.

"నడు తల్లీ. నువ్వు దాటినాక ఎగరేస్తాను" అంది.

నడిచాను. పరుగెత్తలేదు, మళ్లీ ఆగలేదు. గేటు దాటేసరికి మూడు గంటల యాభై రెండు నిమిషాలు. గార్డు నా నంబరు ఎదురుగా టిక్కు పెట్టాడు.  

ఆదివారం ప్రార్థన కూటంలో పాస్టరమ్మగారు అలవాటు ప్రకారం మీ అమ్మాయి జలుబు ఎలా ఉందని అడిగారు. రూబీగారు ముందు వరసలోనే ఉన్నారు. అమ్మ లేచింది. చాలాసేపు కొంగు సర్దుకుంది.

"జలుబు కాదమ్మా. ఆయాసం. సిన్నప్పటి నుంచీ ఉన్నాది. నానే దాసినాను. ఆ ఆయాసంతోనే నా కూతురు పదారు కిలోమీటర్లు నడిసినాది."

 అమ్మ కూర్చుని, బైబిల్ సంచి జిప్పు లాగి, లోపలున్న నా పాత పఫ్ తీసి అందరూ చూస్తుండగా నా ఒళ్లో పెట్టింది. దాచుకోమని చెప్పలేదు.