దయచేసి నంబరు మార్చకండి

బస్సు టిక్కెట్లు అమ్మే ఆ కంపెనీ తన ప్రోగ్రామర్లకు వెబ్ సర్వీసులు ఎలా కట్టాలో, కట్టినవాటిని దొంగల బారి నుంచి ఎలా కాపాడుకోవాలో నేర్పించాలని నిర్ణయించింది. నేర్చుకోవాలన్న తపన పుట్టి కాదు. పోటీ కంపెనీవాళ్ళు అప్పటికే నేర్పించేశారన్న సంగతి మేనేజరు చెవిన పడింది. వెంటనే ఆ విద్యలో పేరున్న ఒకాయన్ను పిలిపించారు. ఆయన్ను ఏ కంపెనీలోనైనా మాస్టారనే పిలుస్తారు.

మొదటి రోజు మాస్టారు క్లాసు గదిలోకి వచ్చి, ప్రొజెక్టరుకు తీగ తగిలిస్తూ యథాలాపంగా ముందు వరస వైపు చూసి, తీగ జారవిడిచాడు. ముందు వరసలో చేతులు కట్టుకుని ఆయన వియ్యంకుడు కూర్చుని ఉన్నాడు.

వియ్యంకుడు ఆ కంపెనీలోనే పనిచేస్తాడని మాస్టారికి తెలుసు. అంతటివాడు శిక్షణకు వచ్చి కూర్చుంటాడని మాత్రం ఆయన అనుకోలేదు. వియ్యంకుడూ అనుకోలేదు. టిక్కెట్లు బుక్ చేసే సర్వీసు మొత్తం ఆయనొక్కడే రాశాడు. అందులో ఒక్క అక్షరం మార్చాలన్నా ఆయన అనుమతి కావాలి, ఆ అనుమతి ఆయన ఎవరికీ ఇవ్వడు. అందుకే ఆఫీసులో కుర్రకారు ఆయనకు చాటుగా మూలవిరాట్టు అని పేరు పెట్టుకున్నారు. మాస్టారి ఒక్కగానొక్క కూతురు ఆయనింటి కోడలు.

పాఠం మొదలైంది. బయటి నుంచి వచ్చిన దేన్నీ నమ్మకూడదని, ఎవరు ఏది అడిగినా ముందు నువ్వెవరని, తర్వాత ఇది నీదేనా అని అడగాలని మాస్టారు చెప్పాడు. వియ్యంకుడు ప్రతి మాటకీ నిదానంగా తల ఊపి, ఇవన్నీ తాము ఎప్పుడో చేసేశామని క్లాసుకు తెలియజేస్తూ వచ్చాడు. పాస్‌వర్డుల్ని భద్రంగా దాచడం గురించి చెబితే, అవీ ఎప్పుడో దాచేశామన్నాడు. ఎక్కడ దాచారని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మర్నాడు చేయించాల్సిన అభ్యాసం కోసం కంపెనీ తన బుకింగ్ సర్వీసు నకలు ఒకటి ఇచ్చింది. అందరూ భోజనానికి వెళ్ళాక మాస్టారు దాన్ని తెరిచాడు. ఉత్తుత్తి ప్రయాణికుడిగా లాగిన్ అయి తన టిక్కెట్టు చూసుకున్నాడు. తెర పైన వెబ్ చిరునామా గడిలో, చివర్న టిక్కెట్టు నంబరు కనిపించింది. చివరి అంకె మార్చి చూశాడు. వేరే మనిషి టిక్కెట్టు వచ్చింది, పేరుతో, ఫోన్ నంబరుతో సహా. కింద రద్దు అనే బటన్ ఉంది. నొక్కాడు. రద్దయిపోయింది. గుమ్మం దగ్గర ఒక్కసారి ఎవరు నువ్వని అడిగిన ఆ సర్వీసు, లోపలికి వచ్చాక ఎవరి గదిలో దూరినా కిమ్మనడం లేదు.

మాస్టారికి అన్నం సహించలేదు. సాయంత్రం ఇంటికి వెళ్ళి భార్యతో చెబితే, తప్పులు పట్టడానికి ప్రపంచంలో మరో కంపెనీ దొరకలేదా అని ఆవిడ ముందు ఆశ్చర్యపోయింది.

"మీ పాఠం రేపటితో అయిపోతుంది. వియ్యం అయిపోదు కదండీ," అంది.

ఆ మాటలో న్యాయం ఉంది. మాస్టారు కాసేపు పచార్లు చేసి కూతురికి ఫోన్ చేశాడు. ఆమె పళ్ళ డాక్టరు. తండ్రి చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నది.

"నాన్నా, పుచ్చిన పన్నుని నేను రోజూ పుచ్చిందనే చెప్తాను. అలిగి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. మామయ్యగారి అలక నేను చూసుకుంటాలే, నువ్వు నీ పాఠం చెప్పు," అంది.

మర్నాడు మాస్టారు పాఠం చెప్పాడు. చెప్పే ముందు బుకింగ్ సర్వీసు ఓర్పునీ, వేగాన్నీ, వయసునీ ఎంతసేపు పొగిడాడంటే, అది రిటైరవుతోందేమోనని వెనక వరసవాళ్ళు అనుకున్నారు. ఆ తర్వాత నంబరు మార్చి చూపించాడు. కుర్రకారు తమ అరచేతులు పరీక్షించుకోసాగారు.

వియ్యంకుడు గొంతు సవరించుకున్నాడు. "బావగారూ, టిక్కెట్టు కొన్నవాడు బస్సెక్కుతాడు గాని, నంబర్లు మార్చుకుంటూ కూర్చుంటాడా?"

"అలా కూర్చునేవాడు ఒక్కడుంటే చాలు కదా బావగారూ."

"అలాంటివాళ్ళు మా బస్సులెక్కరు."

ఇద్దరూ వియ్యంకులన్న సంగతి క్లాసుకు అప్పుడే తెలిసింది. టీ వేళకు ఆఫీసంతటికీ తెలిసింది. సర్వీసులో కన్నం ఉందన్న వార్త మాత్రం అంత తొందరగా పాకలేదు.

మేనేజరు సమావేశం పెట్టాడు. తన కోడ్‌ను ఎవరైనా కెలికితే ఆపైన జరిగేదానికి తన పూచీ లేదని మూలవిరాట్టు ప్రకటించాడు. ఎవరినీ నొప్పించకుండా ఉద్యోగం నెట్టుకొస్తున్న మేనేజరు మధ్యేమార్గం కనిపెట్టాడు. టిక్కెట్టు పేజీ మీద ఎర్ర అక్షరాలతో ఒక ప్రకటన పెట్టించాడు: 'పైన చిరునామాలో ఉన్న టిక్కెట్టు నంబరు దయచేసి మార్చకండి.' ఇది దొంగకి దారి చూపించి దణ్ణం పెట్టడమేనని మాస్టారు మొత్తుకున్నాడు. ప్రయాణికుల్లో అవగాహన పెంచడమని మేనేజరు దిద్దాడు. శిక్షణ ముగిసింది. అందరికీ సర్టిఫికెట్లు వచ్చాయి. ఒక్క పూటైనా మానలేదన్న కారణం మీద ఉత్తమ విద్యార్థిగా వియ్యంకుణ్ణి ఎన్నుకున్నారు. గ్రూపు ఫోటోలో వియ్యంకులిద్దరూ చెరో చివర నిలబడ్డారు.

ఆ తర్వాత వియ్యంకుడు మాస్టారికి ఫోన్ చేయడం మానేశాడు. కోడలి దగ్గర కూడా బావగారు అనడం మాని 'మీ నాన్నగారు' అంటున్నాడట. అలక చూసుకుంటానన్న కూతురు, ఈ పన్ను కొంచెం మొండిదని ఒప్పుకుంది.

ఇంతలో వరసగా సెలవులొచ్చాయి. బస్సులన్నీ నిండిపోయాయి. అంతదాకా ఆ నంబరు జోలికి పోవాలని ఏ ప్రయాణికుడికీ తోచలేదు. ఇప్పుడు కంపెనీయే ఎర్ర అక్షరాలతో చెబుతోంది. సీటు దొరకని ఒకాయన నంబరు మార్చి, ఎవరిదో టిక్కెట్టు రద్దు చేసి, ఖాళీ అయిన సీటు తను కొనుక్కున్నాడు. ఆ కిటుకు స్నేహితుడికి చెప్పాడు. స్నేహితులకి స్నేహితులుంటారు. అందరి టిక్కెట్లూ అందరూ రద్దు చేసుకున్నాక, మధ్యాహ్నం బస్సు ఒక్క ప్రయాణికుడూ లేకుండా సరిగ్గా వేళకి బయల్దేరింది. సమయపాలనలో ఆ కంపెనీకి మొదటి నుంచీ మంచి పేరు.

బస్టాండులో గొడవ పెరిగితే, సర్దిచెప్పమని మేనేజరు మూలవిరాట్టును పంపించాడు. తన సర్వీసు వాడుకునే మనుషుల్ని ఆయన అంతమందిని ఒకచోట చూడటం అదే మొదలు. అరిచేవాళ్ళకి ఆయన జవాబు చెప్పగలిగాడు. కంటి ఆపరేషనుకు వెళ్ళాల్సిన ఒక పెద్దావిడ మాత్రం అరవలేదు. సంచి ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"నా టిక్కెట్టు ఇంకెవరో వద్దంటే, నువ్వెవరు వద్దనడానికని మీ కంప్యూటరు అడగలేదా నాయనా?"

ఆయన ఆవిణ్ణి అద్దె కారులో ఎక్కించి, డ్రైవరుకు ఆసుపత్రి అడ్రసు చెప్పి పంపించాడు. తర్వాత అక్కడే సిమెంటు బల్ల మీద కూర్చుని ఫోన్ తీశాడు.

"బావగారూ, ఖాళీయేనా? ఓసారి మా ఆఫీసుకి రాగలరా?" అని అడిగాడు.

ఎందుకని మాస్టారు అడగలేదు. చొక్కా మార్చుకుని వెళ్ళాడు.

వియ్యంకుడు తన కోడ్‌ను మరో మనిషి ముందు తెరవడం అదే మొదటిసారి. మాస్టారు పైనుంచి కిందికి చదువుకుంటూ వెళ్ళి, నిజంగానే ఆశ్చర్యపోయాడు. అంత పొందిగ్గా, అంత శుభ్రంగా రాసిన కోడ్ ఆయన ఈమధ్య చూడలేదు. అడగాల్సిన ఒక్క ప్రశ్న తప్ప అన్నీ ఉన్నాయి. ఆ మాటే పైకి అన్నాడు. వియ్యంకుడి చెవులు కొంచెం ఎర్రబడ్డాయి.

టిక్కెట్టు ఎవరి పేర ఉందో, లాగిన్ అయింది ఎవరో పోల్చి చూసే నాలుగు వరసలు వియ్యంకుడే రాశాడు. తనే నంబరు మార్చి పరీక్షించాడు. ఈ టిక్కెట్టు మీది కాదని సర్వీసు నిర్మొహమాటంగా చెప్పింది. ఆయన ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాడు.

"ఇలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి బావగారూ," అన్నాడు, గొంతు తగ్గించి. "ఎన్నున్నాయో నాకే తెలీదు."

మాస్టారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఆ సాయంత్రానికి ఇంకో రెండు దొరికాయి. మూడోది నిజంగా కన్నమా కాదా అని ఇద్దరూ వాదించుకుంటూ కారు దాకా నడిచారు, కారులోనూ వాదించుకున్నారు, కోడలు భోజనం వడ్డించి పిలిచేదాకా వాదించుకున్నారు.