మామగారు దాటేసిన అధ్యాయం

“సూపులో ఉండలు గొడ్డుమాంసానివేనమ్మాయ్, పందిమాంసం గుమ్మం కూడా తొక్కలేదు,” అంది అత్తగారు ఆల్చె వడ్డిస్తూ.

సూపు వడ్డించినప్పుడల్లా ఈ మాట చెబుతుంది. విన్నప్పుడల్లా కోడలు హదస్సాకి నవ్వొస్తుంది, వెంటనే ఆమె మీద ప్రేమ కూడా పుట్టుకొస్తుంది. పెళ్ళయి ఇంకా మూడు నెలలు కాలేదు. కాంపెన్ ఊళ్ళో ఈ ఇల్లు, కిటికీలోంచి కనబడే ఐసెల్ నది, చర్చిలో ప్రసంగం వింటూ చప్పరించాల్సింది కోడలి కోసం జేబులో దాచి అత్తగారు తెచ్చే పిప్పరమెంటు బిళ్ళ, అన్నీ ఆమెకి ముద్దుగానే ఉన్నాయి. ఈ పొద్దున వీళ్ళంతా చర్చికి తయారై వెళ్ళి వచ్చేదాకా తను వంటింట్లో కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీసింది. యూదుల పిల్ల, చర్చికి రమ్మని ఎవరూ అడగరు. దుంపల పని మాత్రం తనదేనని ఎవరూ చెప్పకుండానే తేలిపోయింది. అది కూడా ముద్దుగానే ఉందా అని తనను తాను అడిగింది. భర్త రైండర్ట్ వెనకనుంచి వచ్చి, చల్లటి ముక్కు ఆమె మెడకి ఆనించేసరికి ఆ ప్రశ్న అక్కడే ఆగిపోయింది.

భోజనం అవగానే మామగారు బైబిలు తెరిచారు. ముప్పై ఏళ్ళు పాస్టరుగా చేసిన మనిషి. పూటకో అధ్యాయం, వరస తప్పకుండా. చదవడం అయ్యాక తండ్రీ కొడుకూ దాని అర్థం గురించి వాదించుకుంటారు, ఆడవాళ్ళు ప్లేట్లు తీస్తారు. “వాళ్ళు ప్రవక్తల సంగతి తేల్చేలోగా మనం గిన్నెల సంగతి తేల్చేద్దాం రా,” అంటుంది అత్తగారు. రైండర్ట్‌కి హీబ్రూ నేర్పింది హదస్సాయే. యూనివర్సిటీలో ఆమె క్లాసులో చివరి బెంచీ అతనిది, అక్షరాలు తలకిందులుగా రాసేవాడు. ఇప్పుడు అతను ఆ బల్ల దగ్గర హీబ్రూ మూలంలో ఏముందో తండ్రికి చెబుతుంటే, ఆమెకి వంటింట్లో కుళాయి చప్పుడులోంచి ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది.

నిన్న రాత్రి యెషయా ప్రవక్త గ్రంథంలో యాభైరెండో అధ్యాయం చదివారు. ఇప్పుడు మామగారు గొంతు సవరించుకుని యాభైనాలుగు ఎత్తుకున్నారు. గొడ్రాలా, పాట పాడు అని మొదలయ్యే అధ్యాయం.

మొదట ఆమెకి పుట్టింట్లో ఉన్నట్టే అనిపించింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో వాళ్ళ ప్రార్థనాలయం సినగాగ్‌లోనూ అంతే, వేసవి చివర ఒక శనివారం యాభైరెండులో ఆపి, మరుసటి శనివారం యాభైనాలుగుకి వెళ్ళిపోతారు. మధ్యలో ఉన్న యాభైమూడుని ఎవరూ గొంతెత్తి చదవరు. క్రైస్తవులు తమ మెస్సీయను, క్రీస్తును, చూసుకునేది ఆ అధ్యాయంలోనే. కానీ ఈ ఇంట్లో ఎందుకు దాటారు? రైండర్ట్ వైపు చూసింది. చెవులు ఎర్రబడి ఉన్నాయి. అబద్ధం దాచలేని ఆ చెవులు చూసే అతన్ని ప్రేమించింది.

“దాటెయ్యమని నువ్వే చెప్పావా?” అని అడిగింది.

“నీకు కష్టంగా ఉంటుందని, హదా. మీ తాతగారి అన్నదమ్ములు, యుద్ధంలో యూదుల్ని చంపడం... నాన్న ఏదో అంటారు, నువ్వు నొచ్చుకుంటావు. పొద్దున చర్చికి బయల్దేరేముందు హాల్లో అందరం అనుకున్నాం.”

అందరూ. తను దుంపలు చెక్కుతుంటే, పక్క గదిలో. ఎంత మంచివాళ్ళు, ఎంత ఆలోచించారు తన కోసం. ఒక్క తనను తప్ప అందరినీ అడిగారు. ఇప్పుడు నవ్వేసి ప్లేట్లు తీస్తే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. వచ్చే ఏడాదీ దాటేస్తారు, ఆ పై ఏడాదీ. ఆ దాటేసిన చోట తను హాయిగా, గౌరవంగా, నోరు మూసుకుని కాపురం చేసుకోవచ్చు. అత్తగారు అప్పటికే లేచింది. హదస్సా లేవలేదు.

“ఆ అధ్యాయం చదవండి మామయ్యగారూ. తర్వాత పోట్లాడుకుందాం.”

ఆయన కళ్ళజోడు మీదుగా చూశారు. “నిజంగానా తల్లీ?”

“నిజంగానే. రైండర్ట్, ప్లేట్లు నువ్వు తియ్యి.”

అతను తీశాడు. ఆయన చదివారు, ఇతరుల తప్పులకి దెబ్బలు తిన్న దేవుడి సేవకుడి గురించి. “ఇది క్రీస్తు కాక ఇంకెవరమ్మా?”

“మేమే, యూదులం,” అంది హదస్సా. “మాట్లాడుతున్నది రాజులు. ముందరి అధ్యాయం చివర నోళ్ళు మూతపడ్డ రాజులు. ‘మనం ఇన్నాళ్ళూ తన్నినవాడు వీడేనా’ అని తెల్లబోతున్నారు.”

“మరి ‘నా జనం తప్పుకి అతను దెబ్బ తిన్నాడు’ అని ఉందే. ఆ జనమే సేవకుడైతే, తన తప్పుకి తనే తిన్నట్టా?”

“‘నా జనం’ అంటున్నది ఆ రాజేగా, తన జనం గురించి.”

“సేవకుడి నోట కపటం లేదంటాడు యెషయా. మొదటి అధ్యాయంలోనేమో మీవాళ్ళని అన్నేసి తిట్లు తిట్టాడు.”

“అక్కడ మా తాతయ్య కూడా తల గోక్కునేవాడు,” అని ఒప్పుకుంది. ఆయన బల్ల చరిచి నవ్వారు. ఆయన నమ్మకం ఇసుమంతైనా కదలలేదు, తనదీ కదలలేదు. హదస్సాకి ఒళ్ళంతా తేలికైపోయింది. పెళ్ళినాడు కూడా ఇంత సంతోషం వెయ్యలేదేమో.

అప్పుడు చూసింది, అత్తగారు ఎప్పుడో తిరిగొచ్చి కూర్చుంది. ఒళ్ళో తడిగుడ్డ.

“నేనూ ఒకటి అడగనా?” అంది ఆల్చె, ఎవరి వైపూ చూడకుండా. “ఆ సేవకుడు నోరు తెరవలేదు, నోరు తెరవలేదు అని రెండుసార్లు చెబుతాడు. మీరంతా మెచ్చుకుంటారు. కాపురానికొచ్చినప్పట్నుంచీ ఇది విని వంటింట్లోకి వెళ్ళి ఒకటే అనుకునేదాన్ని. నీకేం కావాలని అతన్ని ఎవరైనా అడిగారా?”

మామగారు పేజీ వెనక్కి తిప్పి, పుస్తకాన్ని మెల్లగా భార్య ముందుకి జరిపారు. “మొదట్నుంచి చదువు ఆల్చె. ఈసారి నేను వింటాను.”

వంటింట్లో రైండర్ట్ చేతిలో ఏదో పగిలిన చప్పుడైంది. ఇద్దరు ఆడవాళ్ళలో ఒక్కరూ లేవలేదు.