పొయ్యిమీద పిల్లి, గుమ్మంలో తాడు

పొయ్యిలో పిల్లి లేవడం లేదంటే ఆ ఇంట్లో వండుకోవడానికి గింజలు లేవని అర్థం. ఈ ఇంట్లో మాత్రం గింజలకు కొదవలేదు. బియ్యం డబ్బా నిండుగా ఉంది, పప్పు డబ్బా నిండుగా ఉంది, గ్యాసు బండ వచ్చి నెల కూడా కాలేదు. అయినా పద్దెనిమిది రోజులుగా పొయ్యిమీద నిజంగానే ఒక పిల్లి పడుకుని ఉంది. బలిసిన గండుపిల్లి. రెండు బర్నర్ల మధ్య పొట్ట సర్దుకుని, ఆ చోటు తన తాతగారు రాసిచ్చినట్టు కళ్లు మూసుకుని గురక పెడుతోంది.

ఆ ఇంటి ఇల్లాలు దానికి ఎదురుగా నిలబడి పచ్చి క్యారెట్టు కొరుకుతోంది. ఆమె దర్జీ. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది.

"నీ రాతే రాత. మేం కుందేళ్లమైపోయాం" అంది పిల్లితో.

ఇదంతా మొగుడి వల్ల. అతను అగ్నిమాపక కేంద్రంలో పనిచేస్తాడు. మనిషి ఆరడుగుల పైచిలుకు కనక కేంద్రంలో అందరూ అతన్ని 'నిచ్చెన' అంటారు. పంతొమ్మిది రోజుల కిందట ఒక రంగుల గోదాము అంటుకుంది. నిచ్చెనా, అతని జోడీ 'పీపా' కలిసి వెళ్లారు. పీపా ఎలా ఉంటాడో పేరే చెబుతుంది. గోదాము కప్పు కూలి పీపా కాలు రెండు చోట్ల విరిగింది, వీపు కాలింది. ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణానికి భయం లేదన్నారు. నిచ్చెనకు చిన్న గీత కూడా పడలేదు. పడి ఉంటే బాగుండేదని ఇల్లాలికి తర్వాత అనిపించింది, అనిపించినందుకు చెంపలు కూడా వేసుకుంది.

మర్నాడు ఇంటికొచ్చిన నిచ్చెన చెప్పులైనా విప్పకుండా గ్యాసు రెగ్యులేటరు ఊడబీకి పరుపు కింద పెట్టాడు. అగ్గిపెట్టెలన్నీ బకెట్టులో నానబెట్టాడు. ఇస్త్రీపెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆపైన ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. రోజూ తెల్లవారుజామున ఐదింటికి ఈల ఊదడం తప్ప. ఈల వినగానే ఇంట్లోవాళ్లంతా తడితువ్వాలు ముక్కుకు కట్టుకుని, నేలమీద పాకుతూ వీధిలోకి రావాలి. ఇంట్లోవాళ్లంతా అంటే ఇల్లాలూ, డెబ్బై రెండేళ్ల అత్తగారూనూ. మొదటి వారం పాల ప్యాకెట్లవాడు ఆగి చూసేవాడు. రెండో వారం నుంచి, "ఇవాళ పెద్దమ్మగారు ముందొచ్చారే!" అని చప్పట్లు కొట్టడం మొదలెట్టాడు.

"నా కొడుకు నన్ను పాకించి పెంచుతున్నాడు. నేను వాణ్ని పెంచినప్పుడు ఇన్ని తువ్వాళ్లు తడపలేదు" అనేది అత్తగారు.

ఆవిడకు కష్టాలన్నిటిలోకీ పెద్ద కష్టం కాఫీ. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు, అలా రోజూ కొడుకు ఎదురుగా కూర్చుని, "ఒక్క గ్లాసు వేడి కాఫీ" అని గొణిగేది. కొడుకు చల్లటి పాలలో కాఫీపొడి కలిపి తెచ్చిచ్చేవాడు. ఆవిడ దాన్ని కొడుకు చూస్తుండగా గుటకేసి, కొడుకు చూడకుండా కుండీలోని మొక్కకు పోసేది. మొక్క మాత్రం బాగా ఏపుగా పెరిగింది.

కేంద్రంవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇలాంటి దెబ్బలు తిన్నవాళ్లకు ధైర్యం చెప్పే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడ ఆఫీసరును పిలిచి, "వెళ్లి అతని దగ్గర కూర్చోండి. సలహాలివ్వకండి, ఏం జరిగిందని గుచ్చిగుచ్చి అడక్కండి. వినండి, అంతే" అంది. ఆవిడ చెప్పింది మంచి మాటే. కానీ చెప్పింది ఎవరికి? పైనుంచి మాట వస్తే అక్షరం పొల్లుపోకుండా పాటించే మనుషులకు.

ఆ సాయంత్రం నుంచే ఆఫీసరూ, ఇంజను నడిపే డ్రైవరూ, అలారం మోగించే 'గంట' అనే కుర్రాడూ వచ్చి నిచ్చెన ఎదురుగా వరసగా కూర్చున్నారు. కూర్చుని విన్నారు. నిచ్చెన ఏమీ మాట్లాడలేదు. వాళ్లూ మాట్లాడలేదు. రెండు గంటలపాటు నలుగురు మగాళ్లు గోడ గడియారాన్ని విన్నారు. లేచి వెళ్తూ ఆఫీసరు గుమ్మంలో ఆగి, "అమ్మా, చాలా బాగా విన్నాం" అన్నాడు.

మూడోనాటికి వాళ్లకు చేతులు దురదపెట్టాయి. మాట్లాడొద్దన్నారు గానీ పనిచేయొద్దనలేదు కదా! ఒకరు తలుపులకు నూనె పెట్టారు. ఒకరు కారని కుళాయి విప్పి, కారేలా బిగించారు. గంట మంచం కోళ్లు సరిచేస్తానని మంచాన్ని రెండంగుళాలు పొట్టిచేశాడు, నిచ్చెన కాళ్లు ఇంకాస్త బయటికి వచ్చాయి. వెళ్లేముందు డ్రైవరు మాత్రం రోజూ ఒక్క మాట అనేవాడు. అది వాళ్ల మాట కాదు గనక తప్పులేదని వాళ్ల లెక్క.

"పీపా చెప్పమన్నాడు. ఆసుపత్రి కాఫీ గిన్నెలు కడిగిన నీళ్లలా ఉందట. వదిన కాఫీ పట్టుకుని నిన్ను రమ్మన్నాడు."

ఆ మాట వినగానే నిచ్చెన మొహం గోడవైపు తిప్పుకునేవాడు.

మొహం తిప్పుకోవడం ఇల్లాలు చూసేది. ఇంకోటి కూడా చూసేది. అతను వంటగది గుమ్మంలో కూర్చుని కుడిచేతి గుప్పిట మూస్తాడు, తెరుస్తాడు, మళ్లీ మూస్తాడు. లేని దాన్నేదో పట్టుకున్నట్టు. పన్నెండేళ్ల కాపురంలో ఈ మనిషి నవ్వకుండా ఒక పూట గడిపింది లేదు. క్యారెట్లు తిని బతకొచ్చు. ఈ మనిషి ఇలాగే గోడకు అతుక్కుపోతే ఎలా బతకాలో ఆమెకు తెలియలేదు.

పద్దెనిమిదో రోజున పులిమీద పుట్రలా బడినుంచి నలభై యూనిఫారాలు తిరిగొచ్చాయి. 'పిల్లలు ఈ చొక్కాలు తొడుక్కుంటే ఆవు నమిలి ఉమ్మినట్టున్నారు' అని హెడ్‌మాస్టరు చీటీ. ఇస్త్రీ లేకపోతే అంతే మరి. కనీసం తడిపి, లాగి ఆరేద్దామని పెరట్లోకి వెళ్తే అక్కడ డ్రైవరు ఆమె దండెం విప్పేసి, అగ్నిమాపక కేంద్రం తాడుతో కొత్త దండెం కడుతున్నాడు. అంతకుముందు ఆరేసిన లంగాను కూడా కలిపి ముడేశాడు.

ఆమెకు అరికాలిమంట నెత్తికెక్కింది. "అయ్యా, ఈ ముడి ఎవడు విప్పుతాడు? నా లంగా జన్మలో ఊడి వస్తుందా?"

"రాదు వదినా. ఇది మనుషుల్ని కట్టే ముడి" అన్నాడు డ్రైవరు గర్వంగా. ఆమె మొహం చూసి గర్వం దిగిపోయింది. "నువ్వెలా ఉన్నావు వదినా?"

పద్దెనిమిది రోజుల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. ఆమె తడి చొక్కాల బకెట్టు పక్కన కూలబడి, ఒక చిన్న సైజు చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. డ్రైవరు కంగారుపడి, ఏం చేయాలో తెలియక, ఇంకో చొక్కా అందించాడు.

"ఆయన చేతిలో ఏముంది? రోజంతా ఏం పట్టుకుంటున్నారు?" అంది ఆమె ఏడుపు మధ్య.

వినమన్నారు గానీ చెప్పమనలేదు. డ్రైవరు అటూ ఇటూ చూశాడు. పద్దెనిమిది రోజులుగా బిగబట్టుకున్న మనిషి, ఇక ఆగలేకపోయాడు.

"తాడు వదినా. పొగలోకి ఒకడు వెళ్తే ఇంకొకడు గుమ్మంలో నిలబడి వాడి నడుం తాడు పట్టుకుంటాడు. లోపలివాడు ఒకసారి లాగితే 'బాగున్నా' అని. రెండుసార్లు లాగితే 'నువ్వూ రా' అని. మూడుసార్లయితే 'నన్ను బయటికి లాగు' అని. ఆ రోజు పీపా లోపలున్నాడు, తాడు వీడి చేతిలో ఉంది. తాడు కదిలింది. రెండా, మూడా? వెళ్లాలా, లాగాలా? వీడు ఒక్క క్షణం లెక్క చూసుకున్నాడు. ఆ క్షణంలోనే కప్పు కూలింది. ఆ తర్వాత లోపలికి దూకి పీపాను భుజానేసుకొచ్చింది వీడే. అది మాత్రం వీడికి గుర్తులేదు."

ఆమె కళ్లు తుడుచుకుంది. దండెం వైపు చూసింది. తాడో పేడో ఇవాళే తేలిపోవాలనుకుంది.

"ఆ దండెం విప్పు. లంగా ఉంటే ఉండనీ. ఈ తాడు నాకు కావాలి."

పావుగంటలో ఆమె వంటగది ముందు నిలబడింది. నడుముకు తాడు, తాడుకు లంగా. పరుపు కింది రెగ్యులేటరు ఒక చేతిలో, పాలగిన్నె ఒక చేతిలో. అగ్గిపెట్టెను అత్తగారు తలగడ గలీబులోంచి తీసి, ఏమీ ఎరగనట్టు కోడలి కొంగున కట్టింది.

"ఏమండీ" అంది ఇల్లాలు. "నేను లోపలికెళ్లి పొయ్యి వెలిగిస్తున్నాను. మీరు తాడు పట్టుకోండి."

నిచ్చెన మొహం పాలిపోయింది. తల అడ్డంగా ఊపాడు.

"మీరు పట్టుకోకపోతే తాడు లేకుండానే వెళ్తాను."

అతని చేయి దానంతట అదే ముందుకొచ్చింది. గుప్పిట మూసుకుంది. ఈసారి అందులో తాడుంది. తాడు వణకడం ఆమె నడుముకు తెలిసింది. అయినా వెనక్కి తిరగలేదు. నిచ్చెన వెనక డ్రైవరు, అతని వెనక ఆఫీసరు, చివర గంట తాడు అందుకున్నారు. అందరికంటే వెనక అత్తగారు ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడింది.

ఇల్లాలు చేతిలోవి గట్టుమీద పెట్టి, పిల్లిని రెండు చేతులా ఎత్తి కిందికి దింపింది. ఆస్తి పోయిన జమీందారులా అది ఆమెను చూసింది. రెగ్యులేటరు బిగించింది, పుల్ల గీసింది. నీలం మంట భుగ్గున లేచింది. గుమ్మంలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. ఆమె పాలగిన్నె మంటమీద పెట్టి, తాడును ఒకసారి లాగింది. బాగున్నా.

కాసేపటికి తాడు అటునుంచి ఒకసారి కదిలింది. ఆమెకు కళ్లు మసకబారాయి.

అంతా సవ్యంగా జరిగిపోయేదే. కానీ ఇల్లు పోగొట్టుకున్న పిల్లికి నేలమీద మెలికలు తిరుగుతున్న తాడు కనిపించింది. కనిపించాక ఊరుకుంటే అది పిల్లెందుకవుతుంది? ఒక్క గెంతు గెంతి తాడు పట్టుకుంది. కొరికింది, గుంజింది, వెల్లకిలా పడి నాలుగు కాళ్లతో తన్నింది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు" అని గంట కేక పెట్టాడు. "సార్, ఐదుకేం చేయాలి?"

"ఐదు లేదురా రూల్సులో!" అని ఆఫీసరు అరిచాడు. "మూడు దాటింది కదా, లాగండి!"

లాగడంలో వాళ్లకు వంక పెట్టలేం. ఇల్లాలు చేతిలో గరిటెతో, వెనక్కి వెనక్కి, జారుడుబల్ల మీద పిల్లలా వంటగదిలోంచి వచ్చేసింది. పిల్లి కూడా వచ్చింది. లాగనివాడు ఒక్క నిచ్చెనే. లెక్క వినబడక ముందే అతను లోపలికి దూకాడు. గుమ్మం దగ్గర మొగుడూ పెళ్లామూ ఢీకొన్నారు. ఆమె హాల్లో అత్తగారి కాళ్ల దగ్గర పడింది. అతను పొయ్యి ముందు నిలబడ్డాడు.

గిన్నెలో పాలు పొంగి అంచుదాకా వచ్చాయి. నిచ్చెన మంటను చూశాడు. అతను చేయి చాచి, గుండీ పట్టుకుని, నెమ్మదిగా తిప్పాడు.

ఆర్పలేదు. తగ్గించాడు.

తర్వాత హాల్లోకొచ్చి పెళ్లాన్ని లేవదీశాడు. "ఎన్నిసార్లు లాగావు?" అన్నాడు. గొంతు తుప్పుపట్టిన తలుపులా ఉంది.

"ఒక్కసారే. మిగతావి పిల్లి. మీరు లెక్కపెట్టలేదా?"

"లేదు. వచ్చేశాను."

అని, తన మాట తనకే వినబడినట్టు ఆగిపోయాడు. "ఆ రోజు లెక్కపెట్టాను" అన్నాడు. అని అక్కడే కూర్చుండిపోయాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, ఏడుస్తూ తాడు సంగతీ, కప్పు సంగతీ, పీపా మొహం చూడలేని సంగతీ మొదటినుంచీ చివరిదాకా చెప్పాడు. కేంద్రంవాళ్లు ముగ్గురూ అతని చుట్టూ నేలమీద కూర్చుని విన్నారు. ఈసారి వినడానికి ఏదో ఉంది. మధ్యలో ఆఫీసరు జేబురుమాలు తీసి, తన ముక్కే చీదుకున్నాడు.

అత్తగారు వాళ్లందరినీ దాటుకుంటూ వంటగదిలోకి వెళ్లి, కాఫీ కలుపుకుని, పొగలు కక్కుతుండగా ఒక గుక్క తాగింది. "బతికించావురా నాయనా" అంది. ఎవర్ని అందో తెలియదు. పిల్లి వెచ్చగా ఉన్న పొయ్యివైపు ఒకసారి చూసి, ఇక లాభం లేదని వీధిలోకి వెళ్లిపోయింది.

నిచ్చెన మొహం తుడుచుకుని లేచాడు. నడుముకు తాడుతో, తాడుకు వేలాడే లంగాతో నిలబడ్డ పెళ్లాన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. పెదవి ఒక పక్కకు వంకరపోయింది. నవ్వే. ఇంకా పూర్తిగా రాలేదు గానీ నవ్వే.

"పెద్ద ఫ్లాస్కు ఎక్కడ పెట్టావు?" అన్నాడు. "చిన్నది వద్దు. వాడికి ఒక గ్లాసుతో ఏం సరిపోతుంది?"