బల్లగుడ్డల మధ్య పెట్టిన పుస్తకం

ఎవెరెట్ పెల్కీ నోట అబద్ధం రాదని ఆల్డెన్ మిల్స్ ఊరంతా అనుకునేది. అనుకోవడానికి కారణమూ ఉంది. ఆ ఊళ్ళో ప్రతి వేసవిలోనూ నూట అరవై ఏళ్ళ కిందటి పద్ధతిలో బేస్‌బాల్ ఆడే జట్టు ఒకటుంది. చేతులకు తొడుగులుండవు. బంతిని కింద నుంచి విసరాలి. అంపైర్ పొడుగు నల్లటోపీ పెట్టుకుని కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. అతనికి కనపడని చోట ఏదైనా జరిగితే ఆటగాణ్ణే అడుగుతాడు, అయ్యా, మీరు అవుటా కాదా అని. ఆటగాడు చెప్పిందే తీర్పు. ఎవెరెట్ తన మీద తనే ఎన్నోసార్లు అవుట్ చెప్పుకున్నాడు. చెప్పుకుని, గడ్డం కాస్త పైకెత్తి మైదానం దాటి వచ్చేవాడు. ఆ గడ్డం ఎత్తడం చూసి నార్మన్ ట్రాస్క్ ఒక్కడే నవ్వేవాడు.

"నిజం చెప్తే చెప్పావు గానీ, దాన్నలా ఊరేగించకురా," అనేవాడు.

నార్మన్, ఎవెరెట్ కుర్రతనం నుంచి స్నేహితులు. ఇద్దరికీ ఒకటే పిచ్చి. ఏ ఊళ్ళో పాతసామాను వేలమన్నా సరే, తెల్లారకముందే నార్మన్ ట్రక్కు బయల్దేరేది. పోయినవాళ్ళ అటకల మీద ఉన్న పెట్టెలన్నీ తిరగేసేవాళ్ళు. నాలుగు తోలుముక్కలు కలిపి కుట్టిన తొలినాటి బంతులు, గెలిచిన జట్టు బంగారురంగుతో తేదీ రాసి దాచుకున్నవి, గుబురుమీసాల ఆటగాళ్ళని రేకు మీద తీసిన పాతకాలపు ఫోటోలు, చిరిగిన చిన్న చిన్న పుస్తకాలు, ఏది దొరికినా ఆ వారమంతా వాళ్ళకి పండగే. ఎవెరెట్ భార్య కొన్నాళ్ళు ఓర్చుకుంది. స్నానాల తొట్టిలో కూడా బ్యాట్లే కనపడేసరికి వెర్మాంట్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది. ఎవెరెట్ నాలుగు రోజులు బాధపడి, ఆమె బట్టల బీరువాలో ఫోటోలు సర్దుకున్నాడు.

ఇద్దరి అలమారాలూ ఇంచుమించు సమానమే, ఒక్క వస్తువులో తప్ప. ఆ ఊరి జట్టువాళ్ళే పద్దెనిమిది వందల యాభై తొమ్మిదిలో అచ్చు వేయించుకున్న నియమాల పుస్తకం. అరచేతిలో ఇమిడేంత ఉంటుంది, పసుపు కాగితం అట్ట. ఇంకో ప్రతి ఎక్కడైనా ఉన్నట్టు ఎవరూ వినలేదు. అది నార్మన్‌కి దొరికింది. దొరికిన తీరు ఎవెరెట్ ఇప్పటికీ మర్చిపోలేదు. వేలంలో ఆ పెట్టె మూత ముందు తెరిచింది తనే. పైన ఆడవాళ్ళ గౌన్లు కత్తిరించుకునే కాగితపు నమూనాలు కనపడ్డాయి. ఛీ అని మూత పెట్టేశాడు. పెళ్ళాం డాట్‌కి కుట్టుపని ఇష్టమని నార్మన్ ఆ పెట్టె కొన్నాడు. అడుగున పుస్తకం ఉంది.

పెట్టె ముందు ఎవరు తెరిచారన్నది నార్మన్ ఎక్కడా, ఎన్నడూ నోరు జారలేదు. ఒక్కసారి ఎగతాళి చేసి ఉంటే ఎవెరెట్ వాణ్ణి తిట్టి ఆ ఏడుపు వదిలించుకునేవాడు. చేయలేదు కాబట్టి అది లోపలే ఉండిపోయింది.

నార్మన్‌కి జబ్బు ముదిరాక అతని మంచాన్ని కింది అంతస్తు గదిలోకి దింపారు. ఎవెరెట్ రోజు విడిచి రోజు వచ్చి కూర్చునేవాడు. ఆ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అతనికి అన్యాయం చేసినట్టవుతుంది. తలగడ సర్దేవాడు, పాత ఆటల సంగతులు చదివి వినిపించేవాడు, గడ్డం గీసేవాడు. ఒకరోజు నార్మన్ కళ్ళు మూసుకునే, "డాట్, ఈ హీటర్ గాలికి పుస్తకం పెళుసెక్కిపోతోంది. చల్లగా ఉండేచోట పెట్టు," అన్నాడు. డాట్ దాన్ని భోజనాల గదిలోకి తీసుకెళ్ళి, చెక్క బీరువా కింది సొరుగు లాగి, మడిచిన బల్లగుడ్డల మధ్య పెట్టింది. తెల్లగుడ్డకీ, క్రిస్మస్ గుడ్డకీ మధ్య. ఎవెరెట్ కాఫీ కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూశాడు.

మరుసటి వారం డాట్ సూపు వేడి చేస్తుండగా దాన్ని తీసి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికెళ్ళేదాకా తనకి తను ఒకే మాట చెప్పుకున్నాడు. వాడి పిల్లలకి దీని విలువేం తెలుసు, రేపు వాడు పోతే గరాజు ముందు బల్ల వేసి చెంచాలతో పాటు అమ్మేస్తారు, నేను కాపాడుతున్నాను. మాట బాగానే ఉంది. కాకపోతే కాపాడేవాడు దాన్ని ఉన్ని చొక్కాల అడుగున దాచి, తలుపు గడియ వేసుకుని చూడడు.

నార్మన్ పోయాడు. అంత్యక్రియలయ్యాక కొన్నాళ్ళకి డాట్ ఫోన్ చేసింది. "పుస్తకం సొరుగులో లేదు ఎవెరెట్. నార్మన్ వస్తువులు నాకంటే నీకే బాగా తెలుసు. వచ్చి కాస్త వెతికి పెట్టవూ?"

వెళ్ళాడు. ఎలా వెళ్ళాడో, ఏ మొహం పెట్టుకుని వెళ్ళాడో తర్వాత అతనికే అర్థం కాలేదు. నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. రేకు డబ్బాలన్నీ దింపాడు. తన గదిలో చొక్కాల కింద ఉన్న పుస్తకం కోసం పరుపు ఎత్తి చూశాడు, సోఫా కింద దీపం వేసి చూశాడు. మధ్యాహ్నం డాట్ చీజ్ శాండ్‌విచ్‌లు కాల్చి పెడితే రెండు తిన్నాడు కూడా.

బోస్టన్ నుంచి కూతురు జనీన్ వచ్చి ఉంది. ఆమె ఫ్రిజ్ పైఅరలో గడ్డకట్టిన బఠాణీ సంచులు పక్కకి తోసి వెతుకుతోంది.

"అక్కడెందుకుంటుందే?" అంది డాట్.

"పెద్దవాళ్ళు ఇలాంటి చోట్లే పెడతారంటమ్మా. అందుకే చూస్తున్నా. బాగా గుర్తు తెచ్చుకో, ఆ రోజు సరిగ్గా ఏం చేశావు?"

"ఎన్నిసార్లు చెప్పను? బల్లగుడ్డల మధ్య పెట్టాను. తెల్లదానికీ క్రిస్మస్ దానికీ మధ్య."

"కళ్ళజోడు కూడా టీవీ మీదే పెట్టానన్నావు. రొట్టెల డబ్బాలో దొరికింది."

"కళ్ళజోడు వేరు."

"సరే, వేరు."

జనీన్ గొంతులో కోపం లేదు, ఓపిక ఉంది. డాట్‌ని బాధపెట్టింది ఆ ఓపికే. ఆమె నిచ్చెన వైపు తిరిగి తలెత్తింది. "నువ్వూ ఉన్నావు కదా ఎవెరెట్ ఆ రోజు. ఆ గుమ్మంలోనే. నేను పెట్టడం నువ్వు చూశావా లేదా?"

ఎవెరెట్ చేతిలో బంతుల డబ్బా ఉంది. దాని మీది దుమ్ము ఊదాడు.

"నేను గమనించలేదు డాట్," అన్నాడు.

డాట్ ఒక్కసారి సొరుగు వైపు చూసి, తర్వాత తన చేతుల వైపు చూసుకుంది. పుస్తకం తీసినందుకు ఎవెరెట్ ఏదో ఒక సాకు చెప్పుకోగలిగాడు. ఈ మాటకి మాత్రం ఏ సాకూ దొరకలేదు.

ఆ తర్వాత పుస్తకం అతనికి ఏ సుఖమూ ఇవ్వలేదు. పాతవస్తువులు పోగేసేవాడి ఆనందంలో సగం చూపించుకోవడంలోనే ఉంటుంది. అవతలివాడు చేతులు కడుక్కుని వచ్చి, ఊపిరి బిగబట్టి పేజీ తిప్పుతుంటే పక్కన నిలబడి చూడాలి. దీన్ని ఎవరికి చూపిస్తాడు? చూపించదగ్గవాడు ఒక్కడే, వాడు పోయాడు. మొదట్లో రోజూ తీసేవాడు, తర్వాత ఆదివారాలు, తర్వాత చొక్కాలు కావలసి వస్తే ఆ బీరువా తెరవాల్సి వస్తుందని కొత్త చొక్కాలు కొనుక్కున్నాడు.

జూన్‌లో నార్మన్ పేరు మీద ఆట పెట్టారు. ఆట అయ్యాక డాట్ ఇంట్లోనే అందరికీ భోజనం. ఎవెరెట్‌కి ఉపాయం తట్టింది. పుస్తకాన్ని రుమాల్లో చుట్టి కోటు జేబులో పెట్టుకున్నాడు. అందరూ తింటుండగా సొరుగు లాగి, దాని వెనకాల సందులో జారవిడవాలి. ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. ఎవరికీ ఏమీ కాదు. ముసలావిడ సొరుగు వెనక పడేసి మర్చిపోయిందని అందరూ నవ్వుకుంటారు, అంతే. ఇది ఆమెకి మేలు చేయడమే అని కూడా అనుకున్నాడు, సిగ్గులేని మనిషి.

డాట్ పక్కింటివాళ్ళ కారులో వచ్చింది. మడతకుర్చీ వేసుకుని బెంచీ పక్కన నీడలో కూర్చుంది. తుంటినొప్పి కాబోలు, కారు తీయలేదు అనుకున్నాడు ఎవెరెట్. అతను కోటు విప్పి, మడతపెట్టి, బెంచీ చివర జాగ్రత్తగా పెట్టాడు.

ఆట మొదలయ్యే ముందు పుస్తకంలోని ఒక నియమం చదవడం రివాజు. ఏటా నార్మన్ చదివేవాడు. ఈసారి అంపైర్ హోలిస్ నల్లటోపీ సరిచేసుకుని జెరాక్సు కాగితం పట్టుకున్నాడు. "అసలు పుస్తకం లేదు కాబట్టి," అని గొంతు సవరించుకున్నాడు. డాట్ తల దించుకుంది. "అంపైర్ చూడలేని సంగతిని ఆటగాడే చెప్పాలి. దాచినవాడు ఈ జట్టులో ఉండదగడు." అందరూ టోపీలు తీశారు. ఎవెరెట్ కూడా తీశాడు.

ఆట నడిచింది. ఎండ ఎక్కింది. చివరి విడతలో రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఎవెరెట్ బంతిని కుడివైపు కొట్టి మొదటి బేస్ దాటి రెండో బేస్ మీదికి ఉరికాడు. అవతలి జట్టు కుర్రవాడు బంతి పట్టుకుని అతని వెనక దూకాడు. దుమ్ము లేచింది. వీపు మీద చొక్కా మడతకి బంతి తగిలీ తగలనట్టు తగిలింది. బేస్ చేరకముందే బంతి తగిలితే అవుటే. ఆ సంగతి ఎవెరెట్‌కి ఒక్కడికే తెలుసు. కుర్రవాడికి కూడా తెలియదు.

హోలిస్ కుర్చీలోంచి లేచాడు. "నాకు కనపడలేదు. మిస్టర్ పెల్కీ, మీరే చెప్పండి. అవుటా కాదా?"

"అవుట్," అన్నాడు ఎవెరెట్.

అలవాటు కొద్దీ నోటి వెంట వచ్చేసింది. రెండు జట్లూ చప్పట్లు కొట్టాయి. అవతలి జట్టు కెప్టెన్ టోపీ గాల్లోకి విసిరి మూడుసార్లు జేజేలు చెప్పించాడు. ఎవెరెట్ బెంచీ వైపు నడిచాడు. గడ్డం ఎత్తుదామనుకున్నాడు, ఎత్తలేకపోయాడు. ఇంత చిన్న సంగతికి ఇంత సులువుగా నిజం వచ్చింది. ఆ రోజు నిచ్చెన మీద ఎందుకు రాలేదు? మొహం వేడెక్కిపోయింది. ఎండ వల్ల కాదు.

డాట్ చేయి చాపి అతని చేయి పట్టుకుంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"నీ మాటకి సాక్ష్యం అక్కర్లేదనేవాడు నార్మన్. ఇవాళ ఉండి చూడాల్సింది," అంది. "నిన్ను చూస్తే నాకు సిగ్గేస్తోంది ఎవెరెట్. నార్మన్ అంత ప్రాణంగా చూసుకున్నదాన్ని ఎక్కడ పారేశానో నాకే తెలియదు. ఆ కాగితం చదువుతుంటే లేచి వెళ్ళిపోదామనిపించింది."

ఎవెరెట్ ఆమె కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "పుస్తకం నా దగ్గరుంది," అన్నాడు.

"గట్టిగా చెప్పు. నా చెవి సంగతి తెలుసుగా."

బెంచీ మీదివాళ్ళు ఇటు తిరిగారు. ఎవెరెట్ వాళ్ళని చూశాడు, కోటు వైపు చూశాడు. "పుస్తకం నేనే తీశాను డాట్," అన్నాడు గట్టిగా. "నార్మన్ బతికుండగానే. నువ్వు పోగొట్టలేదు."

ఎవరో నిమ్మరసం గ్లాసు బెంచీ మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత బ్యాటు పట్టాల్సినవాడు కదలకుండా నిలబడిపోయాడు. ఎవెరెట్ కోటు తెచ్చి, రుమాలు విప్పి, పసుపు అట్ట పుస్తకం ఆమె ఒళ్ళో పెట్టాడు. డాట్ దాన్ని ముట్టుకోలేదు.

"నువ్వు నాతో కలిసి వెతికావు," అంది.

"అవును."

"నిచ్చెనెక్కి."

"అవును."

"నేను బల్లగుడ్డల మధ్యే పెట్టాను కదా?"

"అక్కడే పెట్టావు. తెల్లదానికీ క్రిస్మస్ దానికీ మధ్య. నేను చూశాను."

క్షమించమని అడగాలని అతని నోటిదాకా వచ్చింది గానీ, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆమె అతని గురించి ఆలోచించడం లేదు.

"మార్చిలో కారు అమ్మేశాను," అంది డాట్. "జనీన్ అడిగితే తాళాలు నేనే ఇచ్చాను. పొయ్యి కట్టేశానో లేదో అని రాత్రుళ్ళు లేచి చూసుకుంటున్నాను. డాక్టరు ఏవో బొమ్మలు చూపించి పేర్లు చెప్పమన్నాడు. అన్నీ సరిగ్గానే చెప్పాను. అయినా నన్ను నేను నమ్మలేదు ఎవెరెట్. నా బుర్ర నాకే పరాయిదైపోయింది."

అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. భూమి గట్టిగానే ఉంది, మోకాళ్ళ కింద గడ్డి గుచ్చుకుంటోంది.

డాట్ సంచిలోంచి ఫోను తీసి, ఒక మీట నొక్కి, అతని చేతిలో పెట్టింది.

"నాకు చెప్పినట్టే దానికీ చెప్పు. గట్టిగా," అంది.

అవతల రెండుసార్లు మోగింది.

"ఏంటమ్మా," అంది జనీన్ గొంతు, ఓపికగా. "ఈసారి ఏం పోయింది?"

డాట్ అతని మొహంలోకే చూస్తోంది. ఎవెరెట్ ఫోను చెవికి ఆనించుకున్నాడు.

"మీ అమ్మ కాదు జనీన్, నేను ఎవెరెట్‌ని," అన్నాడు. "మీ అమ్మ ఏదీ పోగొట్టలేదు. ఆ రోజు సొరుగులో పెట్టడం నేను చూశాను."