చెవిలో పోసిన నీళ్లు

చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు. అలియాబాద్ జయరాజునే చూడండి. పట్నంలో ఉర్దూలో డాక్టరీ మూడో ఏడు చదువుతున్నాడు. బుర్ర నిండా నరాల పేర్లే. జనం బుర్రలో ఏముంటుందో మాత్రం ఒక్క పంతులూ చెప్పలేదు పాపం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం అతను సెలవులకని శామీర్‌పేటలో బస్సు దిగాడు. దిగీ దిగగానే ఊరివాడొకడు ఎదురొచ్చి, "జల్దీ ఉరుకు రాజూ, మీ అవ్వను చావిడికాడ గుంజకు కట్టేసిన్రు" అన్నాడు. పెట్టె అక్కడే పడేసి అలియాబాద్ దాకా ఉరికాడు జయరాజు.

అవ్వ అంటే ఎలీషమ్మ. అమ్మానాన్నలు కలరా గత్తరకు పోతే అతన్ని పెంచింది ఆమే. ఊళ్లో సగం మందిని ఈ లోకంలోకి లాగిన మంత్రసాని. అంతకు ముందరి ఆదివారం చర్చికి పోతూ పటేలు బాలనర్సయ్య ఇంటి ముందు ఆమె పెదవులు కదిలించింది. చేసుకున్నది ప్రార్థన. ఖర్మ కాలి ఆ మధ్యాహ్నమే పటేలు దబ్బున పడ్డాడు. కుడివైపు ఒత్తిగిలితే చాలు, ఇంటికప్పు గిరగిరా తిరుగుతుంది, కనుగుడ్లు గబగబా పక్కకు కొట్టుకుంటాయి, వాంతి. మేడ్చల్ నుంచి మంత్రగాడు అంజయ్యను పిలిపించారు. వాడు మంచం చుట్టూ ఒక చుట్టు తిరిగి ఎలీషమ్మ పేరు చెప్పాడు.

జయరాజు వెళ్లేసరికి ముసలిదాన్ని కొట్టిన ఆముదపు కట్టెలు విరిగి కింద పడి ఉన్నాయి. ముసలిదాని వీపు చిట్లి రవిక తడిసింది. పక్కనే నులక మంచం మీద పటేలు కళ్లు మూసుకుని రెండు పట్టెలూ పట్టుకుని పడుకున్నాడు. అంజయ్య చేతిలో కమ్మరి పటకారు ఉంది. చేతబడి చేసినవాళ్లకు ముందరి పళ్లు పీకడం ఆ రోజుల్లో పద్ధతి. పళ్లు లేని నోట మంత్రం పలకదు, పలకని మంత్రం పారదు. అదీ లెక్క.

"పటేలా, ఆగమను!" అని అరిచాడు జయరాజు. "గిది చేతబడి గాదు, చెవిల రోగం. చెవి లోపట సన్నటి గొట్టాలున్నయి, గొట్టాలల్ల నీళ్లున్నయి. మనిషి ఎటు ఒరిగిండో గా నీళ్లే చెప్తయి. ఇప్పుడు నీ చెవి అబద్ధం చెప్తాంది. నీ కండ్లు నమ్ముతున్నయి, గంతే."

"చెవిల నీళ్లుంటె కారాలె గదరా!" అని ఎవడో అంటే అందరూ గొల్లున నవ్వారు.

అంజయ్య నవ్వలేదు. ముసలిదాని దవడ పట్టి నోరు తెరిపించాడు. అప్పుడు జయరాజుకు గుర్తొచ్చింది, తరగతిలో పంతులు తన చెవిలోనే చన్నీళ్లు పోసి తనను బల్ల మీంచి పడేయడం.

"చూపిస్త! ఎంత గట్టి మనిషినైన ఉత్త నీళ్లతోని గిట్లనే పడగొడత. అవ్వను ఇడువుండ్రి!"

ఓరి నా తండ్రీ! పడగొడతానన్నాడే గాని, కాసేపటికి దానంతటదే తగ్గిపోతుందన్న ముక్క ముందుగా చెప్పాలా వద్దా? పంతులు తరగతిలో ముందు చెప్పిందే ఆ ముక్క. తొందరలో వీడు దాన్ని మింగేశాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

"నా మీద చెయ్‌రా, చూస్త" అంటూ పటేలు తమ్ముడు వెంకటనర్సయ్య మీసం దువ్వి ముందుకొచ్చాడు. గాలివానకు కూడా కదలని మనిషి. జయరాజు అతన్ని కూర్చోబెట్టి, తల వెనక్కి వాల్చి, కుండలోని చల్లటి నీళ్లు కొమ్ముచెంబుతో చెవిలోకి ధారగా పోశాడు. పోస్తూనే ఉన్నాడు. వెంకటనర్సయ్య కళ్లు ఒక పక్కకు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. లేవబోయి దబ్బున కూలాడు. మట్టిని గోళ్లతో పట్టుకుని భళ్లున కక్కాడు. అచ్చం పటేలు లాగే.

"చూసిన్రా!" అని నవ్వాడు జయరాజు. నిజంగానే నవ్వాడు, వెర్రిబాగులోడు. "దీంట్ల చేతబడి యాడుంది?"

జనం భయంతో వెనక్కి జరిగారు. అంజయ్యే నోరు తెరిచాడు.

"కండ్లార చూసిన్రు గద. అవ్వ విద్య మనుమనికి వచ్చింది. ముందుగాల వీనివి పీకాలె."

ఇక చూడండి, మీద పడ్డారు. డొక్కలో ఒకడు తన్నాడు, చెవి మీద ఒకడు కట్టెతో బాదాడు. కింద పడేసి ఛాతీ మీద ఇద్దరు కూర్చున్నారు. పటకారు పంటికి తగిలి కర్రుమంది, పన్ను కొస విరిగింది. "ఆగుండ్రి! జరసేపు ఆగితే అదే తగ్గుతది!" అని జయరాజు అరుస్తూనే ఉన్నాడు. రక్తం నిండిన నోట్లోంచి మాటలు ముక్కలుగా వచ్చాయి. ఎవడికి వినాలని ఉంది?

"నేనే చేసిన!"

ఎలీషమ్మ గొంతు అది. పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని మనిషి.

"పోరనికి ఏం రాదు. గా కుండల మంత్రం పెట్టింది నేనే, పటేలును పడగొట్టింది నేనే. నా పండ్లు తీసుకోండ్రి."

"అవ్వా, వద్దే! అబద్ధం! అబద్ధం చెప్తాంది!"

అంజయ్య లేచి అటు వెళ్లాడు. ఎలీషమ్మ తనంతట తానే నోరు తెరిచింది. మొదటి పన్ను చిగుళ్ల కండతో సహా ఊడివచ్చింది. ఆమె గొంతులోంచి వచ్చిన అరుపుకు చూరు మీది పిట్టలు లేచిపోయాయి. రెండో పన్ను లాగుతుండగా వెంకటనర్సయ్య మెల్లగా లేచి కూర్చుని, కళ్లు నులుముకుని, చుట్టూ చూశాడు.

"తగ్గింది," అన్నాడు. "భూమి నిలబడ్డది!"

జనం ఒక్కసారిగా హోరెత్తారు. చెవిలోని చల్లదనం పోతే తల తిరగడం ఆగుతుంది, దానికి పట్టే సమయం అంతే. ఆ సంగతి తెలిసినవాడు ఆ చావిడిలో ఒక్కడే ఉన్నాడు, వాడి మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు.

"ఇంక రెండు పీకితే నాకు గూడ తగ్గుతది" అన్నాడు పటేలు మంచం మీంచి, కళ్లు తెరవకుండానే. పీకారు. ఆ చెవి రోగం కూడా దానంతటదే పోయేదే గనక వారం తిరక్కుండానే పటేలు పొలం గట్ల మీద తిరిగాడు కూడా.

వదిలేశాక జయరాజు కట్లు విప్పి అవ్వను భుజాన వేసుకుని ఇంటికి చేర్చాడు. కట్టె దెబ్బ తిన్న చెవి హోరెత్తుతుంటే నేల అతనికీ ఒక పక్కకు ఒరుగుతోంది. గోడ పట్టుకుని ఆమెను చాప మీద పడుకోబెట్టాడు. ఎలీషమ్మ మాట్లాడబోయింది, రక్తం తప్ప మాట రాలేదు. అప్పుడే పుట్టిన బిడ్డల నోట్లో పెట్టి చూసినట్టే, చూపుడువేలు మనుమడి నోట్లో పెట్టి పళ్లన్నీ తడిమింది. కొస విరిగిన పంటి దగ్గర వేలు ఆగింది. తక్కినవన్నీ ఉన్నాయని తేలాక గాని ముసలిదానికి ఏడుపు రాలేదు.