పరుగులో పెళ్లిచూపులు

ఉదయ్ భాస్కర్ పెళ్లి చేసుకుంటారా అని అడిగాడు. ఆ అమ్మాయి పరుగెత్తమంది.

అడిగింది గచ్చిబౌలిలో తన మెడనొప్పికి వైద్యం చేసిన ఫిజియోథెరపిస్టు ప్రియదర్శినిని. నొప్పి పోయింది, క్లినిక్కు వెళ్లడానికి ఇక సాకు దొరకలేదు, దాంతో ధైర్యం చేసి అడిగేశాడు. ఆమె ఖాజాగూడలో పుట్టి పెరిగిన పిల్ల. ఒక షరతు పెట్టింది.

"ఆయితారం పొద్దుగాల మా చెరువుకాడికి రాండ్రి సార్. గట్టు మీద ఈ కొస నుంచి ఆ కొసకు పోయి, మల్ల ఎనక్కి ఉరకాలె. ఉరుక్కుంట నాతోటి ముచ్చట వెట్టాలె. అప్పుడు జెప్త నా మాట."

సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చే పెళ్లిచూపులైతే ఉదయ్ ఎలాగో గట్టెక్కేవాడే. పరుగంటే మాత్రం హడల్. కానీ ఆమె కావాలి. మెడ తిప్పలేక కళ్లనీళ్లు పెట్టుకున్న రోజుల్లో తనని నవ్వించిన మనిషి ఆమె ఒక్కతే. ఆమెను వదులుకోవడం అతని వల్ల కాదు.

పాపం, అతనికి తెలిసిన విద్య సాఫ్ట్‌వేర్. కొత్త వెర్షన్ విడుదలకు ముందు వాళ్ల ఆఫీసులో ఎవరూ దేన్నీ ముట్టుకోరు. దాన్ని ఫ్రీజ్ అంటారు. ఉదయ్ తన ఒంటికీ ఫ్రీజ్ ప్రకటించాడు. వారమంతా శక్తిని దాచిపెట్టి ఆదివారం ఒక్కసారిగా విడుదల చేయాలని మహానుభావుడి పథకం. ఒక్క అంతస్తుకు కూడా లిఫ్టే ఎక్కాడు. ఆఫీసు గేటు నుంచి ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటరుకు బైక్ టాక్సీ మాట్లాడుకున్నాడు. "సార్, గదే కనవడ్తున్నది గద!" అని డ్రైవర్ మొత్తుకున్నా దిగలేదు.

ఆదివారం పొద్దున కోకాపేట ఫ్లాట్‌లో వాళ్లమ్మ కనకలక్ష్మి నెయ్యి ఓడుతున్న పెసరట్లు వడ్డించింది. "పరుగెత్తాలంటే ఒంట్లో బలం ఉండొద్దట్రా? ఇంకోటి వేసుకో," అంది. ఎవరితో పరుగో ఆవిడకు తెలియదు. కోడలన్నది పొద్దున్నే తలస్నానం చేసి వంటింట్లో కనబడాలని ఆవిడ పట్టుదల. ఉదయ్ నోరు మూసుకుని ఇంకోటి వేసుకున్నాడు.

చెరువుగట్టు మీద ప్రియదర్శిని "ఇగ పోదామా?" అందో లేదో, మనవాడు విడుదలయ్యాడు. వెనక్కి కూడా చూడలేదు. ఆహా, ఏం వేగం! ఆ వైభవం గట్టు పక్కన వరసగా ఉన్న బండల్లో మొదటిదాని దాకానే. రెండో బండ దగ్గరికి వచ్చేసరికి తొడలు మంటెత్తాయి. మూడో బండ మీద కూలబడ్డాడు. వెనకాల ఆమె తీరిగ్గా, ఎవరికో చెయ్యూపుతూ పరుగెత్తుకొచ్చింది.

"ఏంది సార్, నన్ను ఇడిచిపెట్టి గట్ల ఉరికిన్రు?"

"వారం... కదల్లేదండీ. శక్తి... దాచాను."

"దాసిన్రా? ఏడ?" ఆమె పడీపడీ నవ్వింది. "శక్తిని గట్ల దాసనీకి రాదు సార్. కండల తయారుగ ఉండేది జరంత. ఉరుకుడు మొదలువెట్టంగనే అయిపోతది. ఇగ అప్పటికప్పుడు వండుకోవాలె. కణం కణంల చిన్న చిన్న పొయ్యిలున్నయి, మైటోకాండ్రియా అంటరు. తిన్నది కట్టెలు, పీల్చిన గాలి ఊదుగొట్టం. మీరు ఒక్కపారి దూకేసరికి గాలి అందలే. గాలి లేకుంట వండితే జల్ది అయితది గని, జరంతనే అయితది."

"పెసరట్లు... తిన్నానండీ."

"అవి ఇంక కడుపులనే ఉన్నయి. ఇప్పుడు కాలేది నిన్నటి అన్నం. రోజు ఉరికితే పొయ్యిలు పెరుగుతయి. కూసుంటే ఉన్నయి గూడ తగ్గుతయి."

అంటే వారమంతా కష్టపడి పొయ్యిలు ఆర్పుకున్నాడన్నమాట. ఉదయ్‌కి ఏడుపొచ్చింది. అంతా అయిపోయినట్టే అనుకున్నాడు.

ఆమె పక్కన కూర్చుంది. నవ్వు ఆపేసింది.

"ఒక్కటి అడుగుత. నేను పొద్దుగాల ఉరకనిది ఉండలేను. మీ ఇంట్ల ఒప్పుకుంటరా?"

అయ్యో, దానిదేముందండీ, మా అమ్మ చాలా మంచిది, మీ ఇష్టమే మా ఇష్టం! ఇంత పొడుగు జవాబు అతని నోటిదాకా వచ్చింది. కానీ అంత చెప్పడానికి ఊపిరెక్కడిది?

"అమ్మ... ఒప్పుకోదు," అన్నాడు. "నేను... చెప్తా."

ప్రియదర్శిని అతని ముఖంలోకి చూసింది. "ఇంతకుముందు ఇద్దరొచ్చిన్రు. సోఫాల గూసోని మాకేం అభ్యంతరం లేదని గడగడ జెప్పిన్రు. ఖాయం జేసుకునే ముంగట ఉరుకుడు బందు వెట్టమన్నరు. మీరెప్పుడు జెప్తరు?"

ఉదయ్ రొప్పుతూనే ఫోను తీశాడు.

"అమ్మా... నేను... పెళ్లి..."

"ఏరా, ఎవరైనా తరుముతున్నారా?" కనకలక్ష్మి కంగారుపడింది.

"లేదమ్మా. నేనే... వెంటపడుతున్నా. ఈ అమ్మాయి... రోజూ పొద్దున్నే... పరుగెత్తుతుంది. పెళ్లయ్యాక కూడా."

"ముందు కాసిని నీళ్లు తాగి మాట్లాడు!"

"తాగితే... ధైర్యం పోతుందమ్మా."

అవతల అట్లకాడ ఠంగున పెట్టేసిన చప్పుడైంది. తర్వాత, "ఇంటికి రా, మాట్లాడదాం," అని ఫోను పెట్టేసింది. ఆ గొంతు వింటే ఉదయ్‌కి మధ్యాహ్నం జరగబోయేదంతా కళ్లకు కట్టింది. అయినా చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు. ఫోను జేబులో పెట్టుకుని, లేవలేక, అలాగే కూర్చున్నాడు.

ప్రియదర్శిని లేచి చెయ్యి అందించింది.

"లే ఉదయ్. ఇంక సగం గూడ కాలే. నడుసుకుంటనే పోదాం. ముచ్చట నేను వెడ్త, నువ్వు దమ్ము దీస్కో."